రెండు అమ్మోర్లు

పక్క కొండ మీది ఊళ్లో పిల్లలకు తట్టు పోసిందని తెలియగానే టీకాల డబ్బా భుజాన వేసుకుని, జబ్బు ఇంకా రాని ఈ ఊరికి బయల్దేరాను. జి.మాడుగుల పైన కొండల్లో నర్సును నేను. అందరికీ టీకా పడేదాకా కొండ దిగనని మా ఆయనకు ముందే చెప్పేశాను.

మొదటి ఇంట్లోనే బేరం మొదలైంది. ఏడు నెలల ఆడపిల్లను ఎత్తుకుని కోడలు పసుపు గంపతో సంతకు సిద్ధమవుతోంది. పిల్ల నాయనమ్మ నాకు అడ్డం నిలబడింది.

"దాని తల్లికి సిన్నప్పుడే అమ్మోరొచ్చి పోయింది. మల్లీ రాదు. ఆ తల్లి కన్న గుంటకేటి బయం? ఒగ్గీ నర్సమ్మా."

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. తట్టు ఒకసారి వస్తే మళ్లీ దాదాపు రాదు. తల్లి రక్షణ కడుపులోనే బిడ్డకు కొంత వస్తుంది, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అసలు తల్లికే లేకపోతే? ఇక్కడ ఒంటి మీద ఏది పోసినా అమ్మోరే. నా భయం అదే.

"అప్పుడెలా వచ్చిందమ్మా?" అని కోడలిని అడిగాను.

"నీటిపొక్కులు. గోకీసినాను," అని నుదుటి మీద గుంట చూపించింది.

అది ఆటలమ్మ, తట్టు కాదు. చిన్నప్పుడు టీకా వేశారా అంటే, "మా ఊరికెవలూ ఎక్కనేదు" అంది. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, ఎక్కని మా వాళ్ల మీద.

"మరి నీకు, మామ్మా?"

"పొక్కులు కావు. ఒల్లంతా ఎర్రగా అయిపోనాది. దగ్గు. కల్లు తెరవనేకపోనాను. మా తమ్ముడికీ వచ్చింది. ఆడు పోనాడు."

"నీకొచ్చింది తట్టు. నీ కోడలికొచ్చిన అమ్మోరు వేరు. ఈ ఇంట్లో తట్టుకి భయపడక్కర్లేనిది నువ్వొక్కదానివే."

ముసలావిడ గంప పక్కన కూర్చుంది. నేను రాతి గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికాక డాక్టరుగారిని అడిగాను. జబ్బు పక్కకే వచ్చింది కాబట్టి బిడ్డకు మామూలుగా వేసే తొమ్మిదో నెల దాకా ఆగొద్దని, గర్భిణి కాకపోతే తల్లికీ వేయమని అన్నారు. దిగొచ్చి అడిగితే, కడుపుతో లేనంది కోడలు.

"టీకా పనిచెయ్యడానికి కొన్నాళ్లు పడుతుంది. అందాకా తల్లీబిడ్డా ఇద్దరూ సంతకు వెళ్లకూడదు," అన్నాను.

"పసుపెవలు అమ్ముతారు?" అంది కోడలు.

ముసలావిడ లేచి గంప నెత్తికెత్తుకుంది.

"నాకు రాదన్నావు కదా, నానెల్తాను. మా తమ్ముడికి సూదేసేవోలు నేకపోనారు. దీనికి బేగి ఏసెయ్యి."