పెదనాన్న రాళ్లు

మొన్న ఆదివారం చేపల కోసం జాలరిపేట వెళ్లి, అలవాటుగా పెద్దమ్మ ఇంటి ముందు ఆగాను. వాకిట్లోని మూడు నిలువురాళ్లకీ, వాటి మీద కప్పిన బండకీ ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పేటకి కొత్తగా కాపురానికొచ్చినవాళ్లెవరో అమ్మవారనుకున్నట్టున్నారు. గడప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న పెద్దమ్మ నన్ను చూసి పకపకా నవ్వి, "మీ పెదనాన్న దేవుడైపోనాడే, సూసేవా!" అంది. నేనూ నవ్వాను. ఆటోలో సీతమ్మధారలోని మా ఇల్లు చేరేదాకా మాత్రం నా కళ్ల ముందు ఎక్కడో వేల్స్‌లో, సన్నటి వానలో తడుస్తున్న ఒక పచ్చిక బయలే కదులుతూ ఉంది.

పెదనాన్న నాకు సరిగా గుర్తులేడు. నా చిన్నప్పుడే సముద్రం మీద చేపల వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి గానీ మనిషి రాలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామని పెద్దలంటే పెద్దమ్మ ససేమిరా అంది. "మనిసి కనబడకుండా సచ్చిపోనాడని నానెలగ ఒప్పుకుంతాను?" అని బొట్టూ గాజులూ ఉంచేసుకుంది. పేరంటానికి ఆవిడని పిలవాలో మానాలో తెలియక పేట ఆడవాళ్లు ఇబ్బంది పడేవారు. ఆవిడ మాత్రం పడలేదు. మా అమ్మ పోయాక నన్నూ చెల్లినీ, నెత్తిన చేపల బుట్ట పెట్టుకుని వీధులు తిరిగి పెంచింది. ఇంటికి తాళం వేసి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. ఆయనొచ్చి తలుపు కొడితే ఎవరు తీస్తారని ఆవిడ బెంగ. సబ్బవరంలో నా పెళ్లప్పుడు కూడా అప్పగింతలు కాగానే కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కేసింది.

అలాంటి మనిషి వేల్స్ వచ్చిందంటే మా చెల్లి ఫోన్లో ఎంత ఏడ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. చెల్లి అక్కడ నర్సు. రెండో కాన్పుకి పెద్దమ్మ ఉండాల్సిందేనని పట్టుబట్టింది. తోడుగా నేను బయల్దేరాను. తాళంచెవి పక్కింటావిడ చేతిలో పెట్టి పెద్దమ్మ, "మా ఆయనొత్తే సేపల పులుసేసి అన్నమెట్టు. నాను బేగొచ్చేత్తానని సెప్పు" అంది. కిళ్లీ కొట్టుదాకా వెళ్లిన మనిషి గురించి విన్నట్టే ఆవిడా తలూపింది.

కాన్పయి కాస్త తేరుకున్నాక చెల్లి వీలు దొరికినప్పుడల్లా మమ్మల్ని కారులో తిప్పింది. అక్కడ మలుపు తిరిగితే కోట. బూడిదరంగు గోడలు, వాటి మీద కాకులు, సముద్రం మీంచి మెల్లగా లోపలికొచ్చే మంచు. కారు వెచ్చదనానికి సగం నిద్రలో చూసినవాటిలో ఏ బురుజు ఏ ఊరిదో ఇప్పుడు చెప్పలేను. అన్నీ కలిసి నా జ్ఞాపకంలో ఒకే ఒక పొడుగాటి కోట అయిపోయాయి. పెద్దమ్మకి అవేవీ ఆనలేదు. "పైకప్పు కూడా నేదు. టిక్కెట్టెట్టి మరీ సూపిత్తన్నారేటే ఈలు?" అనేది. ఒకచోట కిటికీ అరుగు మీద కూర్చుని, మా వైపు ఆడవాళ్ల పద్ధతిలో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం మొదలెట్టింది. ఇక్కడ కాల్చకూడదని చెప్పడానికొచ్చిన కాపలాదారు ఆ మాట మర్చిపోయి, తన నోరే కాలినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు చెల్లి మమ్మల్ని గొర్రెలు మేసే ఒక బయలుకి తీసుకెళ్లింది. అవతల సముద్రం. మధ్యలో మూడు నిలువురాళ్లు, వాటి మీద ఏనుగంత బండ. మన కొండల్లో కనిపిస్తే పాండవుల గుళ్లంటాం కదా, అలాంటిది. వేల ఏళ్ల నాటి సమాధి అని బోర్డు చదివి చెల్లి చెప్పింది.

"ఎవరిదంట?" అంది పెద్దమ్మ.

"తెలీదు పెద్దమ్మా. రాత కూడా లేని కాలం. లోపల ఎముకలు కూడా లేవట, ఈ మట్టి తినేసిందట."

పెద్దమ్మ వంగి ఆ బండ కిందికి వెళ్లి కూర్చుంది. వాన చినుకులు మొదలయ్యాయి. లోపల ఆవిడ రాళ్లని తడుముతుంటే గాజుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుతో పాటే మాట కూడా.

"మనిసీ నేదు, ఎముకా నేదు. అయినా ఈడికో ఇల్లుంది. ఈలు ఇల్లు కట్టి, ఇంక ఎల్లిరా నాయనా అని పంపించేరు. మీ పెదనాన్నకి నాను ఆ మాట సెప్పనేదే."

అని ఏడ్చింది. పెదనాన్న కోసం ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. మేమిద్దరం కూడా లోపలికి దూరి, చెరో పక్కనా కూర్చుని ఏడ్చాం. గొర్రెలు మాత్రం గడ్డి మేస్తూనే ఉన్నాయి.

విశాఖ చేరిన రోజు పక్కింటావిడ తాళంచెవి ఇస్తూ, "రానేదప్పా" అంది, తప్పు తనదే అయినట్టు. "రాడులేవే" అంది పెద్దమ్మ. ఆ వారమే పేట కుర్రాళ్లని బతిమాలి మూడు రాళ్లు మోయించి వాకిట్లో నిలబెట్టించింది. పైకప్పుగా, తను బట్టలుతికే బండనే ఎత్తించింది. "మరి బట్టలెక్కడుతుకుతావప్పా?" అని పక్కింటావిడ లబోదిబోమన్నా వినలేదు. దాని కింద అన్నం, చేపల పులుసు, ఒక చుట్ట పెట్టి, పెదవులు కదిపి ఏదో చెప్పింది. బొట్టు మాత్రం తీయలేదు. తర్వాత ఇంటికి తాళం వేసి, నాతో సీతమ్మధార వచ్చి, నా పక్కన తెల్లారేదాకా నిద్రపోయింది.

ఆ ఏడే పెద్దమ్మ జుట్టు తెల్లబడింది. మోకాళ్లు నొప్పులనడం మొదలెట్టింది. చలిదేశం గాలి పడలేదని పేటలో అన్నారు. నాకు మాత్రం, పెదనాన్న పడవెక్కిన రోజున ఆవిడ దగ్గర ఆగిపోయిన కాలం, ఆ ఊరూ పేరూ లేని సమాధిలో కాసేపు కూర్చున్నాకే మళ్లీ కదిలిందనిపిస్తుంది.