గుక్క తిప్పుకోని దుబాసమ్మ

ఆస్పత్రిలో అందరూ ఆమెను దుబాసమ్మ అనేవారు. డాక్టరు మాట రోగికి, రోగి మాట డాక్టరుకు వాళ్ళ వాళ్ళ భాషలో చెప్పడమే ఆమె ఉద్యోగం. డాక్టరు ఎంత పొడుగ్గా చెప్పినా మొత్తం తలలో పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఇరవై ఆరేళ్ళలో ఎవరినీ ఆగమని అడిగి ఎరగదు.

ఆ రోజు పధ్నాలుగో రోగి ఒక ముసలాయన, గుండె జబ్బు మనిషి. తెల్ల మాత్ర ఎప్పుడు ఆపాలో, ఎర్రది ఎందుకు ఆపకూడదో, కాళ్ళు వాస్తే ఏం చేయాలో డాక్టరు ఏకబిగిన చెప్పాడు. ఆమె నోరు తెరిచింది. కాళ్ళ వాపు సంగతి గుర్తుంది. ఆపాల్సింది ఏ మాత్రో మాత్రం జారిపోయింది. ఊహించి చెప్పేయొచ్చు, కానీ ఊహ తప్పితే ఆయన ప్రాణం మీదికొస్తుంది.

"డాక్టరుగారూ, మళ్ళీ చెప్పండి. ఒక్కో మాటా చెప్పి ఆగండి," అంది సిగ్గుతో చచ్చిపోతూ.

"దుబాసమ్మ కూడా అలిసిపోతుందన్నమాట!" అని నవ్వి, డాక్టరు ఆగి ఆగి చెప్పాడు. ఆమె కూడా అలాగే చెప్పింది. ముసలాయన వేళ్ళు మడుస్తూ ప్రతి మాటా తిరిగి చెప్పాడు.

"ఇవాళ బుర్రకెక్కిందమ్మా. పోయినసారి నువ్వు గడగడా చెప్పేస్తే, గుమ్మం దాటేలోపే సగం ఎగిరిపోయింది."

"మరి అప్పుడు తల ఊపావుగా బాబాయ్?"

"అంత బాగా చెబుతున్నదానివి, ఆపడానికి నోరు రాలేదే తల్లీ."

ఆమె కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ ఎంతమంది అలా ఊరికే తల ఊపి వెళ్ళిపోయారో! తర్వాతి రోగి అప్పటికే లోపలికొచ్చి నిలబడ్డాడు.

"కూర్చో అన్నా," అంది నీరసంగా. "అర్థం కాకపోతే నన్ను మధ్యలోనే ఆపెయ్."