ఆడవాళ్ల వైపు పెట్టె

మా చర్చిలో ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటారు, మగవాళ్లు ఎడమవైపు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, అడిగినవాళ్లూ లేరు. కొత్తగా పెళ్లయిన జంటలు కూడా గుమ్మం దాకా కలిసి వచ్చి, చెప్పులు విడిచి, అక్కడ విడిపోతారు. కింద నాపరాళ్లు, వాటి మీద చాపలు. పాస్టరుగారు నిలబడే చోటికి అటొకటి ఇటొకటి మనిషెత్తు చెక్క పెట్టెలు రెండు ఉంటాయి. వాటిని చూసి కొత్తవాళ్లు బీరువాలనుకుంటారు.

అవి నరసరావుపేటలో ఒక పాత సినిమా హాలు పడగొట్టినప్పుడు మా యోబు మామ లారీ మీద వేయించుకొచ్చిన స్పీకర్లు. యోబు మామకి గురజాల బస్టాండు వెనక మైకు సెట్లు బాగుచేసే కొట్టుంది. అరవై మూడేళ్లు. ప్రతి శనివారం వచ్చి ఆ పెట్టెల్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. ఆయన భార్య రేచలత్తని ఏనాడైనా అంత తీరిగ్గా పలకరించాడా అంటే నాకు అనుమానమే. వరసకే మామ, అత్త అంటాను కానీ మాది పక్కిల్లు మాత్రమే. నా పేరు వెన్నెల, హైస్కూల్లో టీచర్ని.

ఒక్కో పెట్టెలో మూడు నోళ్లుంటాయి. అడుగున డప్పు మోతకి పెద్దది, పైన తాళాల చప్పుడుకి చిన్నది, నడుమ ఇనప హారన్. ఆ హారన్ వెనక బిగించే యూనిట్‌లోంచే మనిషి మాట వస్తుంది. లోపల కాయిళ్లు, కండెన్సర్లు బిగించిన పలక ఒకటి ఉంటుంది. దాన్ని క్రాసోవర్ అంటారు. సాగర్ కాలవ మీద తూముల్లాగా అది శబ్దాన్ని మూడుగా పంచుతుందని మామ నాకొకసారి విడమరిచి చెప్పాడు. ఏ నోటికి ఎంత పంపాలో పెట్టె చేసినవాళ్లు లెక్కగట్టి ఉంటారు కాబట్టి ఆ పలక మీద చెయ్యి పెట్టకూడదని పని నేర్పిన గురువు ఆయనకి చెప్పాడట. మామ ఆ మాటని బైబిలు వాక్యంలాగే పాటించాడు.

పదకొండేళ్ల కిందట ఆడవాళ్ల వైపు యూనిట్ కాలిపోయింది. అలాంటిది దొరకలేదు. మరలు సరిపోయే ఇంకో రకం విజయవాడలో దొరికితే తెచ్చి బిగించాడు. పలక జోలికి పోలేదు. ఎప్పటిలాగే ఎడమవైపు యాంప్లిఫయర్ పక్కన కూర్చుని, ఎవరితోనో మైకులో హలో హలో అనిపించి, బ్రహ్మాండంగా ఉందని తేల్చాడు. ఆయన కూర్చున్న చోట బ్రహ్మాండంగానే ఉంది.

మా వైపు మాత్రం ఆ రోజు నుంచి మాటకి కండ లేకుండా పోయింది. సకారాలు షకారాలు చెవుల్లో గుచ్చుకునేవి, మిగతా మాట గాలిలో కలిసిపోయేది. మగవాళ్ల పెట్టెలోంచి వచ్చేది మా దాకా చేరేసరికి గోడలకి తగిలి నలిగిపోయేది. పాటలు మాకు నోటికి వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. ప్రసంగంలో మగవాళ్లు ఆమెన్ అంటే మేమూ ఆమెన్ అనేవాళ్లం. అర్థం కాకుండా తలాడించే పిల్లల్ని క్లాసులో నిలబెట్టే నేను, పదకొండేళ్లు చాప మీద కూర్చుని తలాడించాను.

చెప్పింది రేచలత్త ఒక్కతే. మొదటి ఆదివారమే, అందరూ బయటికొస్తుండగా, మా పెట్టెలో మాట రావడం లేదని మొగుడితో అంది. పెట్టెకేం రోగం లేదు, నీ చెవులు చూపించుకోమన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వుతో ఆవిడ చెవిటి రేచలమ్మ అయిపోయింది. ఇంట్లో మామ టీలో రెండో చెంచా చక్కెర వేసుకుంటే పెరట్లోంచి కేకేసే మనిషి ఆవిడ. షుగర్ ఉన్న మామకి ఆ సంగతి అందరికంటే బాగా తెలియాలి. నరసరావుపేటలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయన్నాడు. డాక్టరు మిషను మంచిది కాదని మామ తీర్పు చెప్పి, చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చాడు. అత్త దాన్ని గుండీలు, సూదులు దాచుకునే డబ్బాలో పడేసింది. ఆదివారం ఇంటికి నడిచొస్తూ, ఈ రోజు ప్రసంగంలో అయ్యగారు ఏం చెప్పారని అడిగేది. ఆయన విసుగ్గా రెండు ముక్కల్లో తేల్చేవాడు.

ఈ ఏడాది శ్రమ దినాల్లో, అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల్లో, అత్త ఒక మాటంది. ఈస్టర్ నుంచి గుడికి రానని, ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటానని. రాయిలాగా కూర్చుని నవ్వులపాలు కావడం ఇక తన వల్ల కాదంది. మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజులవి. మామ తుమ్ముకుంటూ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నలభై ఏళ్ల నుంచి ఇద్దరం కలిసే పోతన్నాం. ఆమె లేకుండా నేనెట్టా పోయేదమ్మా? నువ్వన్నా చెప్పు," అన్నాడు.

ఆయన నిజంగా భయపడ్డాడు. తప్పు అత్త చెవుల్లో లేదని, మాకెవరికీ వినపడదని అప్పుడే చెప్పాల్సింది. చెబుతాలే మామా అని పంపేశాను. ఇది రాయడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వారంలోనే చర్చిలో ఒక పెళ్లి జరిగింది. ఎవరో ఉత్సాహపడి యాంప్లిఫయర్ పూర్తిగా తిప్పేసరికి మగవాళ్ల వైపు యూనిట్ కాలిపోయింది. మామ విజయవాడ నుంచి మళ్లీ ఆ రెండో రకమే తెచ్చి, పొద్దుపోయిందని హలో అనిపించకుండానే బిగించాడు. తెల్లారి మట్టల ఆదివారం, ఈస్టర్‌కి సరిగ్గా వారం ముందు. పాటలు బాగానే సాగాయి. ప్రసంగం మొదలై పావుగంట కాకముందే మగవాళ్ల వైపు కదలిక మొదలైంది. సంఘపెద్ద ఒకాయన లేచే నిలబడ్డాడు.

"ఏంది యోబూ ఇది? ఒక్క ముక్క ఇనపడట్లా."

మేం పదకొండేళ్లు ఓర్చుకున్నదాన్ని వాళ్లు పావుగంట ఓర్చుకోలేకపోయారు. ఆడవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రేచలత్త ఎవరి వైపూ చూడలేదు.

సోమవారం సాయంత్రం చర్చి ఊడ్చే వంతు నాది. నేను వెళ్లేసరికి మామ కాలిపోయిన పాత యూనిట్‌ని, కొత్తదాన్ని చాప మీద పక్కపక్కన పెట్టుకుని ఉన్నాడు. పాతదాని మీద పదహారు ఓమ్స్ అని ఉంది, కొత్తదాని మీద ఎనిమిది. యూనిట్ ఓమ్స్ సగానికి తగ్గితే పాత కండెన్సర్ హారన్ వాటాని బాగా పై శ్రుతి నుంచి మొదలుపెడుతుందట. అంతకు కింది శ్రుతిని పెద్ద స్పీకరూ అందుకోదు, హారనూ అందుకోదు.

"మాటలో సగం ఎవరికీ చేరకుండా మధ్యలోనే పడిపోతందమ్మా," అన్నాడు.

తర్వాత తలెత్తి కుడివైపు పెట్టె చూశాడు. తెరిచి చూడాల్సిన పని కూడా లేదు, అందులో పెట్టింది ఆయనే.

అత్తని పిలుచుకురమ్మని నన్ను పంపాడు. మైకు ఆవిడ చేతికిచ్చి, ఏదైనా చదవమన్నాడు. తను మధ్యలో దారి దాటి కుడివైపుకి వచ్చి, స్తంభం పక్కన ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. పెట్టెలు తెచ్చిన ఇన్నేళ్లలో ఆయన అటు కూర్చోవడం అదే మొదటిసారి. అత్త బైబిలు తెరిచి ఒక కీర్తన చదివింది. ఆయనకి కంఠతా వచ్చిన కీర్తనే. అయినా మాటలు పట్టుకోలేక మెడ ముందుకు చాపాడు, అరచెయ్యి చెవికి ఆనించాడు. అత్త చదవడం ఆపేసింది. మైకు కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు మామ కొట్టు తియ్యలేదు. గురువు ముట్టుకోవద్దన్న పలకలు రెండూ ఊడదీశాడు. పాత కండెన్సర్ పక్కన అంతే విలువున్న ఇంకోటి కలిపాడు. కొత్త యూనిట్లు గొంతెక్కువ చేస్తుంటే రెసిస్టర్లు పెట్టి తగ్గించాడు. నన్ను మైకులో చదవమని, ప్రతి మార్పుకీ ముందు ఆడవాళ్ల చాప మీద, తర్వాత మగవాళ్ల చాప మీద కూర్చుని విన్నాడు. స్తంభం పక్కన, గుమ్మం దగ్గర, పసిపిల్లల తల్లులు కూర్చునే వెనక మూల, ఏదీ వదల్లేదు.

ఈస్టర్ పొద్దున మామ ఒక్కడే వచ్చి ఎడమవైపు కూర్చున్నాడు. రమ్మని అత్తని అడగలేదట, అడిగే మొహం లేదన్నాడు తర్వాత నాతో. రెండో పాట నడుస్తుండగా అత్త వచ్చి తన చోట కూర్చుంది. ఎందుకొచ్చిందో నాకిప్పటికీ చెప్పలేదు.

సాక్ష్యాల సమయంలో మా దగ్గర జ్వరం తగ్గినవాళ్లూ, తప్పిపోయిన గేదె దొరికినవాళ్లూ లేచి చెబుతారు. మైకులో హలో తప్ప ఇంకో మాట ఎరగని యోబు మామ ఆ రోజు లేచి ముందుకెళ్లాడు.

"ఆడోళ్ల వైపు పెట్టెలో పదకొండేళ్ల నుంచి మాట రావట్లా. యూనిట్ తప్పు ఏసింది నేను. రేచలు మొదటి రోజే చెప్పింది. నీ చెవులు బాలేవన్నా. మీరు నవ్వారు, మీతో పాటు నేనూ నవ్వా. ఆమె చెవులకేం కాలా. ఇననిది నేను."

ఒక్క అక్షరం పోకుండా మా వైపు వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సాక్ష్యం ఎలా ముగించాలో ఆయనకి తెలియలేదు. మైకు పరీక్షించే అలవాటు కొద్దీ ఆడవాళ్ల వైపు తిరిగి అడిగాడు.

"ఇనపడతందా?"

స్తంభం పక్కనుంచి రేచలత్త లేవకుండానే జవాబిచ్చింది.

"ఇనపడిందిలే. ఇంక కూకో."