సముద్రంలో బోరు

మొన్న తమ్ముడి కొడుకు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చి, "పెద్దబాపూ, గిది చూసినవా, సముద్రం అడుగున బోరేస్తే గవ్వల రాయి వచ్చిందట!" అంటూ నా ముక్కుకు తగిలేంత దగ్గరగా ఆ వీడియో పెడితే ఒళ్లు మండిపోయింది. వయసులో ఉన్నప్పుడు నేను చేసింది ఆ పనే అని, అలాంటి రాళ్లను ఈ చేతులతోనే ఎత్తానని, వాడు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి చెబుతున్నాను. ఇంట్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. అదే ఫోన్ చెబితే వేదం!

మంచిర్యాల పక్కన బొగ్గు జాడ కోసం భూమిని తొలిచే పనిలో చేతులు కాయలు కాయించుకున్న నన్ను, గల్ఫ్‌లో ఉన్న మేనమామ ఒక డ్రిల్లింగ్ ఓడలో చేర్పించాడు. సముద్రం అడుగున నేల ఎలా ఉందో చూడాలనుకున్న శాస్త్రవేత్తల ఓడ అది. గొట్టానికి గొట్టం బిగించి నీళ్లలోకి దించుతూ పోతే అడుగు తగలడానికే పొద్దు గుంకేది. ఆ తర్వాత నేలను తొలిచి, గొట్టం బోలులో నిలిచిన రాతిని కర్రలా పైకి లాగేవాళ్లం. ఇందులో అర్థం కానిదేముందో నాకు ఈనాటికీ తెలియదు. కానీ మా ఊళ్లో బోరంటే నీళ్ల కోసమే వేస్తారని, అందులోనూ సగం ఎండిపోతాయని నా ఈడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

"నీ కొడుకు నీళ్లల్ల నిలవడి బోరేస్తుండటనే!" అని చాయ్ హోటల్‌లో బాపును పట్టుకుని ఇకఇకలాడేవారు. పత్తి చేనులో బోర్లు వేయించి నీటిచుక్క చూడని మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుందంటే, హోటల్ వైపు వెళ్లడమే మానేశాడు. సెలవు అయిపోయి నేను తిరిగి వెళ్తుంటే బస్సు దగ్గర ఒకే మాట అన్నాడు: "జర వాళ్ల నోళ్లు మూసేటిది ఏమన్న పట్కరా."

ఆ ఏడాదే మా గొట్టానికి తెల్లని సున్నపురాయి తగిలింది, నిండా గవ్వలు కుక్కినట్టుగా. గొట్టం కొసన నేలను తొలిచే బిట్టులో ఇరుక్కుని విరిగిన ముక్కను, పరీక్షకు పనికిరాదని, శాస్త్రవేత్తల్లో పెద్దాయన నాకిచ్చాడు. దాని మీద బొటనవేలి గోరంత నత్తగవ్వ, మెలికలు కూడా చెదరకుండా ఉంది. బట్టల మధ్య చుట్టి తెచ్చాను. సున్నపురాయి గుట్టలున్న మంచిర్యాలకు అంత దూరం నుంచి సున్నపురాయి మోసుకొచ్చిన వాణ్ని లోకంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఇల్లు చేరేసరికి బాపు భైంసాలో అక్క దగ్గర ఉన్నాడు, మర్నాడు వస్తాడన్నారు. రాయిని భద్రంగా పెట్టమని నన్ను కన్న అవ్వకిచ్చాను. అవ్వ భద్రం ఎలాంటిదంటే, సముద్రం నుంచి వచ్చిందని కళ్లకద్దుకుని, తెల్లవారితే శుక్రవారం కదా అని, దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండు నీళ్లలో నానేసి, ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో ఓపికున్నంతసేపూ తోమింది. మెత్తటి సున్నపురాయికి అంత పులుపు, అంత రాపిడి తగిలితే ఏం మిగులుతుంది? నేను లేచి చూసేసరికి రాయి నున్నగా మెరుస్తోంది, గవ్వ జాడ లేదు.

"గవ్వనా? మురికి అనుకున్న కొడుకా, పీచుకు రాకుంటే గోటితోని గీకిన" అంది అవ్వ, గర్వంగా. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బాపు వచ్చాడు. ఇక్కడ గవ్వ ఉండేదని నేను వేలు పెట్టి చూపిస్తుండగానే రాయిని నాలుకకు తాకించుకుని, "ఉప్పే లేదు గదరా" అన్నాడు. సముద్రం రాయని నమ్మడానికి ఉప్పు తగిలితే చాలట ఆయనకు! ఆ ఉప్పునూ అవ్వ వదల్లేదు, శుభ్రంగా కడిగేసింది. ఇద్దరి మీదా కోపంతో ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బాపు రాయిని తువ్వాలలో మూటగట్టి హోటల్‌కు బయలుదేరాడు. మళ్లీ నవ్వులపాలవుతాడని నేనూ వెనకే వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లానో లేదో ఆయన గొంతు వినిపించింది: "గవ్వ నా కండ్లతోని చూసిన. గిప్పుడు అరిగింది గని, ఉండె." అమ్మకానికి పెట్టిన ఎద్దు కుంటితనాన్ని కూడా దాచని మనిషని ఆయనకు ఊళ్లో పేరు. ఒక్కరూ నవ్వలేదు. నేను లోపలికి పోలేక వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు సముద్రం అడుగు ఎవరు చూడాలనుకుంటే వాళ్లకు కనిపిస్తుంది, కొడుకు మాటకు తండ్రి పూచీ పడే అవసరం లేదు. మంచిదే. నా మాట కూడా ఇంట్లో అందరూ నమ్ముతున్నారు, ఫోన్‌లో కళ్లతో చూశారు కనుక. చూడకుండానే చూశానని చెప్పిన బాపు మాత్రం నన్ను నిజంగా నమ్మాడో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పకుండానే పోయాడు.