పెదపాడు చెరువులో దిగిన మిలటరీ బండి

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే డ్రాయింగ్ మాస్టారి అరుగు మీద వాలిపోయేదాన్ని. ఏలూరులో మా మోడల్ క్లబ్బంటే ఆ అరుగే. అట్టలు, అగ్గిపుల్లలు, ఇంజెక్షన్ బుడ్ల రబ్బరు మూతలు, చిరిగిన సైకిల్ ట్యూబులు... వీటితోనే మిలటరీ బళ్ళు చేసేవాళ్ళం. అసలు బండిలో ముప్పయ్యైదో వంతు ఉండాలి మోడల్. ఒక్క గీత తేడా వచ్చినా మాస్టారు స్కేలు పెట్టి చూపించి మళ్ళీ కోయించేవారు.

క్లబ్బులో ఒక కట్టుబాటు ఉండేది. చేసినదాన్ని 'బొమ్మ' అనకూడదు. నోరు జారినవాళ్ళు ఆ పూట అరుగు ఊడ్చాలి. నేను ఆ అరుగు ఊడ్చినంతగా మా ఇల్లు ఎప్పుడూ ఊడ్చలేదని మా అమ్మ దెప్పేది.

ఆడపిల్లలం ఇద్దరమే... నేనూ, షాహినా. వాళ్ళ నాన్నగారు రేకు పెట్టెలు చేసేవారు. ఆయన కొట్లో మిగిలిన రేకు ముక్కలతో మేమిద్దరం ఒక సైనికుల బండి చేశాం. నేల మీదా పోతుంది, నీళ్ళ మీదా పోతుంది... అసలుదండీ, మాది కాదు! ఒళ్ళంతా రేకు, పైకప్పు మాత్రం అట్ట. మా ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు వేశాం.

ఆ ఏడు తాడేపల్లిగూడెంలో ఎగ్జిబిషన్. క్లబ్బుకి ఒక్క మోడల్ అన్నారు. మగపిల్లలంతా కలిసి చేసిన ట్యాంకు ఒకటి, మా బండి ఒకటి. మాస్టారు రెండింటినీ తిప్పి తిప్పి చూసి మాదే ఎంచారు. ఆ రోజు నేను నేల మీద నడిచానంటే ఒట్టు!

అక్కడితో ఊరుకుంటే మేమెందుకవుతాం...

ఎగ్జిబిషన్ రెండు రోజుల్లో ఉందనగా పెదపాడులో మా బాబాయికి చూపించాలని బండి పట్టుకెళ్ళాం. ఎదురుగా చేపల చెరువు. కొల్లేటి పక్కన పుట్టినవాళ్ళం, నీళ్ళ మీద పోయే బండిని చేత్తో పట్టుకుని గట్టు మీద ఊరికే ఎలా కూర్చుంటాం? దింపేశాం. తేలింది! షాహినా ఒకటే గంతులు. ఇంతలో గాలికి చెరువు మధ్యకి పోయి, ముక్కు వంచి, బుడుంగున మునిగిపోయింది.

బాబాయి లుంగీ ఎగ్గట్టుకుని దిగి, సాయంత్రం దాకా వల వేస్తే గానీ దొరకలేదు. "చేపలకని వలేస్తే మిలటరీ బండి పడిందేంటే పిల్లా!" అని ఆయన ఒకటే నవ్వు. మాకేమో ఏడుపు ఆగదు. పైకప్పు ఉబ్బి విడిపోయింది. రంగు అక్కడక్కడా లేచిపోయింది. చక్రాల సందుల్లో నల్ల బురద, పక్కలంతా పచ్చటి నాచు చారలు.

మర్నాడు మాస్టారి ముందు పెట్టాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"శుభ్రంగా కడిగి రంగేసి తెండమ్మా. రేపు పొద్దుటికి ఆరకపోతే ట్యాంకే తీసుకెళ్దాం."

అసలే ముసురు. ఆ రంగు తెల్లారేసరికి ఆరదని అక్కడున్న అందరికీ తెలుసు. మగపిల్లలు అప్పుడే ట్యాంకుకి గుడ్డ పెట్టి మెరుగు పెడుతున్నారు. నేను బండి ఎత్తుకుని ఇంటికి బయల్దేరబోయాను. షాహినా మాత్రం కళ్ళు తుడుచుకుని నిలబడింది.

"మాస్టారండీ... వాళ్ళ ట్యాంకు ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుందండీ. మా బండి పని చేసొచ్చిందండీ. కడిగేస్తే ఆ సంగతి ఎవరికి తెలుస్తదండీ?"

మాస్టారు షాహినా మొహంకేసి చూసి నవ్వేశారు. "సరే, ఆ పైకప్పొకటి మార్చండి. మిగతాది ముట్టుకోకండి" అన్నారు.

పాసింజరు రైల్లో బండిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. భీమడోలులో ఎక్కినాయన అడిగాడు, "ఏవమ్మా, బొమ్మ బురదలో పడిందా?"

"బొమ్మ కాదండీ, మోడల్!" ఇద్దరం ఒక్కసారే అరిచాం. "నీళ్ళల్లో కూడా పోద్దండీ!"

"అలాగా! అయితే వానాకాలం మా కలిదిండి రోడ్డు మీదకి పంపించండమ్మా, పుణ్యం ఉంటది!" అన్నాడు. పెట్టెంతా నవ్వులు.

ఎగ్జిబిషన్ హాల్లోకి అడుగు పెట్టేసరికి నా గాలి పోయింది. బల్లల నిండా కొన్న కిట్లతో చేసిన ప్లాస్టిక్ మోడళ్ళు, తళతళలాడుతూ... వాటి మధ్య నాచు పట్టిన మా రేకు బండి. బహుమతులు నిర్ణయించే పెద్దాయన మిలటరీలో చేసి వచ్చినవారట. మా బల్ల దగ్గర ఆగి, వంగి, చారల్ని చూశారు.

"ఈ మరకలు ఏ రంగుతో వేశారమ్మా?"

"రంగు కాదండీ, మా బాబాయి చెరువండీ" అన్నాను.

"తేలిందా?"

"తేలిందండీ... కాసేపు" అంది షాహినా.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయనా నవ్వి, వెనక్కి తిరిగి అందరితో అన్నారు. "మా బళ్ళు ఏరు దాటి ఒడ్డెక్కితే అచ్చం ఇలాగే ఉండేవండీ. ఈ హాల్లో నీళ్ళు చూసిన బండి ఇదొక్కటే."

మొదటి బహుమతి ఎవరిదో యుద్ధనౌకకి వెళ్ళింది. మాకు రెండోది. అయితేనేం, జనం మూగింది మా బల్ల దగ్గరే. ట్యాంకు చేసిన మగపిల్లలు కూడా అక్కడే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "మా క్లబ్బుదేనండీ" అని చెప్పుకున్నారు. బహుమతి కన్నా ఆ మాటకే నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

మొన్న నేనూ షాహినా ఏలూరులోనే ఒక మోడల్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. పిల్లల పనితనం చూస్తే కళ్ళు తిరిగాయి, మేము చేసినవి వాటి కాలిగోటికి చాలవు. పక్కన ఒక స్టాలులో, మోడల్ బళ్ళు నిజంగా తిరిగొచ్చినట్టు కనిపించడానికి పూసే బురద అమ్ముతున్నారు... చిన్న చిన్న సీసాల్లో, రకరకాల రంగుల్లో! కొల్లేరు పక్కన నిలబడి బురద కొనుక్కోవడం ఏంటని మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

కానీ ఇంటికొచ్చాక అనిపించింది... అన్నీ అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. ఒక్కదాని మీదా పొరపాటు లేదు. పాడైపోయినదాన్ని ఒళ్ళో పెట్టుకుని, తలెత్తుకుని రైలెక్కే రోజు ఆ పిల్లలకి వస్తుందో రాదో...

మీ చేతులతో చేసి, మీ చేతులతోనే పాడుచేసి, అయినా గర్వంగా నలుగురికీ చూపించినది ఏదైనా ఉంటే కింద రాయండి. చక్కగా వచ్చినవి వద్దులెండి... అవి అందరూ చెప్పుకుంటారు.