కృత్తివెన్నులో గొలుసులు నల్లబడిన కారణం

హెప్సిబా గారు చివరి రోజుల్లో వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకొని విశ్రాంతి తీసుకున్నారని, వర్తకుల సంఘం వారు అచ్చు వేయించిన సంతాప తీర్మానం రెండో పేరాలో ఉంది. అది నిజం కాదు. సభకు వచ్చి, టీ తాగి, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకు వెళ్లిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ అది తప్పని తోచకపోవడం అంతకంటే పెద్ద తప్పు. విశ్రాంతి అని వారు రాసిన ఆ ఆర్నెల్లలోనే, డెబ్భై రెండేళ్ల ఆ మనిషి చిలకలపూడి నుంచి గుడివాడకు ఆరుసార్లు, నాగాయలంకకు రెండుసార్లు, కృత్తివెన్నుకు మూడుసార్లు బస్సులో వెళ్లారు. టికెట్లున్నాయి. ఏ టికెట్టు ఏ పని మీద వెళ్లినప్పటిదో ఆవిడే అట్టముక్కల మీద రాసి, గుండుసూదితో గుచ్చి, చెప్పుల పెట్టెలో దాచారు. చదివే ఓపిక ఉంటే తీర్మానం రాసినవారికి అవి దొరికేవే.

బందరు పక్కన చిలకలపూడిలో రోల్డ్ గోల్డు నగలు చేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. హెప్సిబా గారి ఇంట్లో తయారయ్యేది ప్రధానంగా గొలుసు, అదీ చేత్తో కలిపినది. సన్నని రాగి రింగులను ఒకదానిలో ఒకటి దూర్చి, నొక్కి, మూడు వరసల పేట చేస్తారు. ఆపైన బంగారు పూత. రింగులు కలిపే పనిని చుట్టుపక్కల ఇళ్లలో ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు చేసేవారు. ఆవిడ కూడా పెళ్లయి వచ్చిన కొత్తలో, భర్త ఆనందరావు గారు ప్రెస్సులో అక్షరాలు పేర్చే రోజుల్లో, గుమ్మంలో కూర్చుని రింగులు కలిపిన మనిషే. తర్వాత తానే పని పెట్టుకున్నారు. యాభై ఏళ్లలో ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే: తన గొలుసు నల్లబడి తిరిగి వస్తే కొత్తది ఇచ్చి, పాతది తీసుకొని, అది ఎందుకు నల్లబడిందో తెలుసుకోవడం. మొదటి రెండూ అందరూ చేస్తారు. మూడోది ఎవరూ చేయరు.

ఆ ఏడు వర్షాకాలం చివరి నుంచి గొలుసులు తిరిగి రావడం మొదలైంది. ఏడాదికి పది వచ్చేవి, నాలుగు నెలల్లో నూట నలభై వచ్చాయి. అన్నీ గుడివాడ వ్యాపారి ప్రేమ్ కుమార్ దుకాణం నుంచే. ఆయన మనిషి వారం వారం కృత్తివెన్ను వైపు సరుకు తీసుకెళ్తాడు. అక్కడి రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు కొన్న గొలుసులే అవి.

జనవరిలో కొడుకు డేనియల్ మాట తేల్చేశాడు. చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు.

"అమ్మా, ఈస్టరు దాకా చూస్తాను. అప్పటికీ సంగతి తేలకపోతే చేత్తో కలిపే గొలుసు ఆపేద్దాం. రాజ్‌కోట్ నుంచి మిషను గొలుసు తెప్పించి మన పూత వేసుకుందాం."

"మరి ఇరవై ఎనిమిది మంది?"

"నేనేం చెయ్యనమ్మా? ఉప్పుగాలికి మన చేతి గొలుసు ఆగట్లేదు. సందులెక్కువ, పూత లోపలికి పట్టదు."

"ఉప్పుగాలి ఈ ఏడే కొత్తగా వచ్చిందట్రా బందరుకి?"

పూత గదిలో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న పిచ్చేశ్వరరావు పూత పట్టదన్న మాటను సూటిగా తన మీదికే తీసుకున్నాడు.

"నా పూత పలచబడిందంటున్నారు చిన్నబాబు. మీరూ అదే అంటే చెప్పెయ్యండమ్మగారూ, రేపటి నుంచి రాను."

"రాకపోతే ఇంట్లో మీ ఆవిడ ఊరుకుంటుందా అన్నయ్యా? కూర్చో. నాకు మూడు గాజు గ్లాసులు కావాలి."

గ్లాసుల్లో ఒకదాన్ని మంగినపూడి సముద్రపు నీటితో, రెండోదాన్ని నాగాయలంక కాలవ నీటితో, మూడోదాన్ని కృత్తివెన్ను రొయ్యల చెరువు నీటితో నింపించారు. ఒక్కోదానిలో జానెడు గొలుసు వేశారు. నాలుగో ముక్క తన మెడలో వేసుకొని స్నానానికీ నిద్రకూ తీయలేదు. నెల గడిచింది. సముద్రంలోది కాస్త మసకబారింది. మిగిలినవి మెరుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ నలుపు తిరగలేదు. ఉప్పే దొంగ అని ఊరంతా అంటుంటే, ఉప్పు నెల రోజులు గ్లాసులో పడుండి కూడా నేరం ఒప్పుకోలేదు.

అప్పుడు ఆవిడ తిరిగి వచ్చిన గొలుసులను భూతద్దం కింద పెట్టి చూశారు. మెడలో వేసుకున్న గొలుసు ముందు అరిగేది మెడ వెనక. చెమట నిలిచేది అక్కడ, జుట్టు రాసుకునేది అక్కడ. ఇవి అక్కడ బాగానే ఉన్నాయి. నలుపు మచ్చలు మచ్చలుగా, ఒక వరసలో ఇక్కడ, మరో వరసలో అక్కడ ఉంది. ఒక గొలుసును అరచేతిలో చుట్టగా చుట్టి చూశారు. మచ్చలన్నీ ఒకేవైపు కలిశాయి. ఇది మెడలో నల్లబడలేదు. ఎక్కడో చుట్టి పెట్టినప్పుడు నల్లబడింది.

ఆ తర్వాతి టికెట్టు గుచ్చిన అట్టముక్క మీద తేదీ కింద ఒక్క వాక్యమే ఉంది: "ఎక్కడ పెడుతున్నారు?"

మర్నాడు గుడివాడ వెళ్లారు. ప్రేమ్ కుమార్ కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"తిరిగొచ్చిన గొలుసులు నీ దగ్గరికి ఎలా వస్తున్నాయి బాబూ? ఏమైనా అంటుకొని ఉంటుందా?"

"జిడ్డుగా వస్తాయండి. సబ్బునీళ్లలో కడిగించి, తుడిపించి పంపుతున్నాను. మురికి సరుకు మీకెలా పంపుతానండీ, పెద్దవారు!"

హెప్సిబా గారు నుదురు కొట్టుకున్నారు. "మురికే కావాలయ్యా నాకు! ఇన్ని నెలలుగా నా సాక్ష్యమంతా నీ దొడ్లో కాలవ పాలు చేశావు."

అంతకు ముందే ఒకసారి నాగాయలంక వెళ్లొచ్చారు. ఇప్పుడు మళ్లీ వెళ్లారు, ఈసారి చూడవలసింది తెలిసి. అక్కడి రేవులో ఆడవాళ్లు నీళ్లలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. మెడలో అదే గొలుసు, అదే పూత, అదే ఉప్పు. కొని రెండేళ్లయిందని ఒకామె చెప్పింది. ఆ గొలుసు ఎండలో తళతళలాడుతోంది. ఆవిడ తిరుగు బస్సులో ఇదే ఆలోచించి ఉంటారు. పొద్దస్తమానం ఉప్పునీళ్లలో వేసుకొని తిరిగిన గొలుసు మెరుస్తోంది. వేసుకోకుండా దాచిన గొలుసు నల్లబడుతోంది. ఇదేం విచిత్రం?

డాక్టరు అప్పటికే గుండె బలహీనంగా ఉందని, మెట్లు ఎక్కవద్దని చెప్పి ఉన్నారు. కృత్తివెన్ను బయల్దేరుతుంటే డేనియల్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"డాక్టరు గారు ఏమన్నారమ్మా?"

"మెట్లెక్కొద్దన్నారు. బస్సుకి మూడు మెట్లు. మన మేడకి పద్దెనిమిది. రోజూ అవెక్కి నీకు కాఫీ పట్టుకొస్తుంటే అడ్డం రాలేదే?"

డేనియల్ పక్కకు తప్పుకున్నాడు. కాఫీ మాత్రం ఆ రోజు నుంచి కిందికి దిగి వచ్చి తాగాడు.

కృత్తివెన్ను దగ్గరి ఆ రొయ్యల షెడ్డుకు పేరుంది. ఇక్కడ రాయవలసినంత గౌరవం దానికి లేదు. లోపల తెల్లటి నేల, తెల్లటి టోపీలు, విదేశాల నుంచి వచ్చిన నియమాల పట్టికలు. కొత్త నియమం ప్రకారం గొలుసు, గాజులు, చెవిదిద్దులు ఏవీ ఒంటి మీద ఉండకూడదు. గత వర్షాకాలం నుంచే అది అమలులోకి వచ్చింది. పెళ్లైన వాళ్లు పసుపుతాడు ఉంచుకోవచ్చు, గొలుసు తీసెయ్యాలి. సరుకు పాడవకూడదు కదా, మంచిదే. తీసిన గొలుసు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆ పట్టికలో లేదు. ఏడు సముద్రాలు దాటి పోయే రొయ్యకు ఐసు పెట్టె ఉంది, ఆ రొయ్య ఒలిచే మనిషి గొలుసుకు గోడకో కొక్కెం లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. హెప్సిబా గారు ప్రహరీ నీడలో కూర్చున్నారు. పన్నెండున్నరకు ఆడవాళ్లు బయటికొచ్చి, అదే నీడలో క్యారేజీలు విప్పుకున్నారు. పక్కన కూర్చున్నామె పేరు వెంకటరత్నమ్మ. నలభై దాటిన మనిషి, నోరు మంచిది.

"ఏ ఊరు మామ్మగారూ? ఎవరి కోసం వచ్చారు?"

"చిలకలపూడి అమ్మా. గొలుసుల వాళ్లం."

"అయ్యో, ఆ నల్లబడే గొలుసులు మీవేనా!" అని పక్కవాళ్లతో కలిసి ఫెళ్లున నవ్వింది. "అన్నం తిన్నారా ముందు? తిట్టాల్సింది తిన్నాక తిడతాంలెండి."

క్యారేజీ మూత మీద రెండు ముద్దల అన్నం, కాస్త పప్పు పెట్టింది. ఆపైన అన్నిటికంటే పై గిన్నె తీసింది. అందులో ఆవకాయ. ఆవకాయ పక్కన, చిరిగిన ప్లాస్టిక్ కవరులో చుట్టిన గొలుసు. వెంకటరత్నమ్మ దాన్ని రెండు వేళ్లతో పైకి తీసి, చీర కొంగుకు తుడిచి, మోకాలి మీద పెట్టుకొని, ముక్క వెతికి వడ్డించింది.

హెప్సిబా గారి చెయ్యి అన్నం మీదే ఆగిపోయింది.

"అమ్మాయ్, గొలుసు అందులో పెట్టావేమే?"

"ఎక్కడ పెట్టమంటారండీ? సంచిలో పెడితే పోతోంది. ఇద్దరివి పోయినయ్యి. మేనేజరు గారినడిగితే మీ వస్తువులకి మేం బాధ్యులం కాదని బోర్డు చూపించాడు. ఇదైతే ఎంగిలి గిన్నె. పొద్దున్న టిఫిను కూడా ఇందులోదే నంజుకుంటాం. ఎంగిలి గిన్నెలో ఎవరు చెయ్యి పెడతారండీ? దొంగముండ కూడా పెట్టదు."

"నువ్వొక్కదానివేనా?"

"అందరమూనండి. ఒసే, చూపించండే మామ్మగారికి!"

ప్రహరీ పొడుగునా గిన్నెలు లేచాయి. మాగాయ, గోంగూర, నిమ్మకాయ, చింతకాయ. ఒక్కో ఊరగాయలో ఒక్కో గొలుసు. తాళంకప్ప ఇవ్వని చోట ఈ ఆడవాళ్లు ఎంగిలినే తాళంకప్ప చేసుకున్నారు. దాన్ని తెరవగల దొంగ ఆ షెడ్డులో లేడు నిజమే. కానీ ఉప్పూ పులుపూ రోజుకు తొమ్మిది గంటలు లోపలే కూర్చున్నాయి.

హెప్సిబా గారు నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత ఆ ముక్కతోనే అన్నం మొత్తం తిన్నారు.

ఇంటికొచ్చి చెబితే పిచ్చేశ్వరరావు నమ్మలేదు. ఆవిడ కొత్త గొలుసు ఒకటి తెచ్చి, చిరుగు కవరులో చుట్టి, ఆవకాయ గిన్నెలో పెట్టి అతని చేతికే ఇచ్చారు. ఎనిమిదో రోజు అతను విప్పాడు. చుట్టకు ఒకవైపు మచ్చలు మచ్చలుగా నలుపు. దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు.

"నలభై ఏళ్ల నా చేతిని ఓ మావిడికాయ ముక్క ఓడించిందా అమ్మగారూ?"

"ముక్క కాదన్నయ్యా. చిన్న కొక్కెం లేకపోవడం."

డేనియల్ ఆ గొలుసును తీసుకొని, మిషను గొలుసు నమూనాను కూడా అదే గిన్నెలో వేయించాడు. లెక్క తెలిసినవాడని ముందే చెప్పుకున్నాం. అదీ నల్లబడింది, ఐదో రోజుకే. సాయంత్రం తల్లి దగ్గరికొచ్చి, "రాజ్‌కోట్ వాళ్లకి వద్దని చెప్పేశాను" అన్నాడు. "ప్రతి గొలుసుతో చిన్న డబ్బా ఇద్దాం, దాచుకోడానికి."

ఆ మాట ఆవిడ వెంకటరత్నమ్మకు ఫోనులో చెబితే అటునుంచి వచ్చిన జవాబు ఇది: "డబ్బా ఇస్తే అందులోనూ ఊరగాయే పెట్టుకుంటామండీ. గుడ్డ సంచి ఇవ్వండి, లంగా బొందుకి కట్టుకుంటాం. గుడ్డ లోపలికొస్తే ఆళ్లకేం నొప్పి లేదు."

సంచుల పని రింగులు కలిపే వాళ్లకే ఇచ్చారు. కానీ హెప్సిబా గారికి సంచితో తృప్తి కలగలేదు. షెడ్డు యజమానికి అర్జీ రాశారు: లోపలి గోడకు నూట పన్నెండు కొక్కేలు, వాటికి ఒక తలుపు, ఒక తాళం. అరవై నాలుగు సంతకాలు, నలభై ఎనిమిది వేలిముద్రలు. కొక్కేల ఖర్చు తామే భరిస్తామని కూడా రాశారు. మూడోసారి కృత్తివెన్ను వెళ్లింది అది ఇవ్వడానికే. కాగితం తీసుకున్నారు, తీసుకున్నట్లు ముద్ర వేయమంటే వేయలేదు. నకలు ఉంది.

మార్చి పద్నాలుగో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల వేళ, సంచులతో పాటు వెళ్లవలసిన మొదటి గొలుసుల కట్టను ఆవిడ పూత గదిలో కూర్చుని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూస్తున్నారు. ముప్పై ఏడింటిని చూసి కుడివైపు పెట్టారు. ముప్పై ఎనిమిదోది ఒళ్లో ఉంది. పిచ్చేశ్వరరావు రెండుసార్లు పిలిచి, మూడోసారి లేచి వచ్చాడు. విశ్రాంతి తీసుకున్నది అప్పుడే. తీర్మానం రాసినవారు ఆ మాట అక్కడ వాడి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

మర్నాడు సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, ఒక పూట జీతం వదులుకొని వచ్చిన పదకొండు మందితో వెంకటరత్నమ్మ డేనియల్ దగ్గరికొచ్చింది. వందనాలు చెప్పింది.

"ఇట్టాంటప్పుడు అడక్కూడదు బాబూ. ఆ కొక్కేల కాయితం సంగతి మామ్మగారు కనుక్కుంటానన్నారు. ఇంక ఎవరినడగాలి మేము?"

"ఏం జవాబొచ్చింది?"

"రాలేదండి."

"ఎప్పుడు బయటికొస్తారు మీరంతా?"

"పన్నెండున్నరకండి."

సోమవారం ఉదయం ఇరవై ఎనిమిది మందికీ రింగులు ఎప్పటిలాగే అందాయి. పది గంటలకు డేనియల్, కారు తాళాలు భార్యకు ఇచ్చేసి, అర్జీ నకలు చొక్కా జేబులో పెట్టుకొని, కృత్తివెన్ను బస్సెక్కాడు. షెడ్డు వారి జవాబు నేటికీ రాలేదు. అతను ఇచ్చినవి ఇప్పటికి నాలుగు అర్జీలయ్యాయి. నాలుగిటి నకళ్లూ భద్రంగా ఉన్నాయి.