గంజి పెట్టిన జుట్టు

మా ఇంట్లో నూలుకున్న మర్యాద నా జుట్టుకు ఏనాడూ లేదు. నూలు కండె చేతిలోంచి జారి కిందపడితే బాపు కళ్లకద్దుకుని తీసేవాడు. నా తలమీద ఉన్నదాన్ని మాత్రం అందరూ చిక్కుపడ్డ దారపు లడిని చూసినట్టు చూసేవాళ్లు. విప్పాలా, పారెయ్యాలా అని.

మట్టెవాడలో మా ఇల్లు రెండు గదులు. మగ్గానికి గాలీ వెలుతురూ కావాలి కాబట్టి ముందు గది దానిది. మాకు అవి అక్కర్లేదు కాబట్టి వెనక గది మాది. అందులో బాపు, అమ్మ, బాపు తల్లి అయిన మా బాపమ్మ, నేను, నా జుట్టు. జుట్టును విడిగా ఎందుకు చెప్తున్నానంటే అది అంత స్థలం ఆక్రమించేది.

రింగులు రింగుల జుట్టు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ ఒప్పుకోలేదు. "మా దిక్కు ఎవ్వలకు లేదు" అని బాపమ్మ. "మా దిక్కు అసలే లేదు" అని అమ్మ. అంటే బడికి పోయే దారిలో నాకే ఎక్కడో అంటుకుని ఉండాలి.

నేను చెప్పేది ఎనభైల మొదట్లో, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఎండాకాలం గురించి. పరీక్షలప్పుడు తల చల్లగా ఉండాలని బాపమ్మ నాకు ఆముదం పట్టించింది. రాయడం తక్కువ, కారడం ఎక్కువ. పరీక్షలు అయిపోయాక కుంకుడుకాయలతో ఎంత రుద్దినా ఆ జిడ్డు పోలేదు. మామూలు మనుషులైతే ఇంకో నాలుగు కుంకుడుకాయలు కొట్టేవాళ్లు. మాది నేతోళ్ల ఇల్లు. రంగు వేసే ముందు నూలు జిడ్డు పోవడానికి సోడా వేసి ఉడకబెడతారు. బాపమ్మ ఆ సోడా డబ్బా పట్టుకొచ్చింది.

"బాపమ్మా, అది నూలుకు."

"నూలు జిడ్డే పోతది, నీదెంత? తల వంచు."

జిడ్డు పోయింది. నిజం చెప్పాలి కదా, పూర్తిగా పోయింది. దాంతోపాటు జుట్టులో ఉన్న ప్రాణమంతా పోయింది. ఆరిన తర్వాత ముట్టుకుంటే కొబ్బరి పీచు. రింగులు కూడా రింగులుగా లేవు, ఏ దారం ఏ దిక్కుకు పోతుందో దానికే తెలియదు. బాపమ్మ ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, "సోడ మంచి కంపినీది కాదు" అని తీర్పు చెప్పింది.

అమ్మ ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అసలు మాట చెప్పింది. ఎండాకాలం చివర్లో మా అక్క కొడుక్కి పుట్టు వెంట్రుకలు తీయించడానికి అందరం వేములవాడ పోవాలి.

"అప్పటిదాక బాగువడకపోతె నీకు గూడ అక్కడ్నే గుండు కొట్టిస్త. కొత్తగ మంచిగ వస్తది."

"అమ్మా, వాడికి ఏడాది. నేను కాలేజీకి పోవాలె."

"పో. గుండుకు కాలేజీల రానియ్యరా?"

రానిస్తారు. అదే నా బాధ. వేములవాడ నుంచి వచ్చిన వారానికే హన్మకొండలో కాలేజీ తెరుస్తారు. అక్కడ నన్నెరిగినవాళ్లు ఒక్కరూ లేరు. బళ్లో పదేళ్లు నన్ను జుట్టు పేరు పెట్టే పిలిచారు. కొత్తచోట మొదటిరోజైనా మామూలు మనిషిలా లోపలికి పోయి ఒక బెంచీ మీద కూర్చోవాలని నా ఆశ. గుండుతో పోతే ఆ రెండేళ్లూ నాకు ఏ పేరు ఖాయమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కాబట్టి వేములవాడ బస్సెక్కేలోపు జుట్టు బాగుపడాలి.

బాగుచేసే పని మొదట బాపమ్మే తీసుకుంది. పాడు చేసింది ఆమే కాబట్టి, అనుభవం ఉంది కదా. ఆమె లెక్క ప్రకారం బలం పోయిన పోగుకు మందు ఒక్కటే, గంజి. చిక్కటి గంజి నా తలకు పట్టించి, పాయలు పాయలుగా తీసి, పడుగుకు గంజి పెట్టే కుంచెతో దువ్వింది. పడుగంటే మగ్గం మీద పొడుగ్గా సాగే నూలు. దాన్ని బిగించి లాగి ఆరబెట్టాలి, లేకపోతే ముడతలు పడుతుంది. కాబట్టి నా జుట్టు చివర్లకు తాడు కట్టి, ఆ తాడు మగ్గం గుంజకు కట్టింది.

"కదలకు. ఆరేదాక."

అప్పుడే పక్కింటి చిన్నమ్మ వచ్చింది. ఆమె దవాఖానలో ఆయాగా పనిచేసేది. అందువల్ల మా గల్లీకి సగం డాక్టర్. గుమ్మంలో ఆగి నన్నూ గుంజనూ మార్చి మార్చి చూసింది.

"ఏం తప్పు జేసిందక్కా పిల్ల, గుంజకు కట్టేసిన్రు?"

"ఏం లేదు, ఆరవెట్టినం" అంది అమ్మ, వడియాల గురించి చెప్పినట్టు.

బాపు మగ్గం మీద కూర్చుని నేస్తూనే ఉన్నాడు. ఆయన కాలికింది పలక తొక్కినప్పుడల్లా గుంజ కదిలేది, గుంజతోపాటు నా తల. తువ్వాల అంచు పూర్తయ్యేసరికి నేను ఆయన ప్రతి మాటకూ తల ఊపుతున్న బుద్ధిమంతురాలైన బిడ్డలా కనిపించాను. మా ఇద్దరి జీవితంలో అలాంటి సమయం మళ్లీ రాలేదు.

తాడు విప్పాక నా జుట్టు అట్ట అయింది. బాపమ్మ దువ్వెన పెట్టింది. పటపటమని చప్పుడు. కింద చూస్తే చిన్న చిన్న ముక్కలు. ఆమె చీపురు తెచ్చి ఊడ్చి, "పొయ్యేది పోయింది, గట్టిది మిగిలింది" అంది. యుద్ధం ఓడిపోయిన రాజులు కూడా ఇంత ధైర్యంగా మాట్లాడి ఉండరు.

తర్వాత వంతు చిన్నమ్మది. "గంజి ఏందక్కా, అన్నం నీళ్లు! కోడిగుడ్డు పెట్టాలె. దవాఖానల నర్సమ్మలు అందరు అదే పెడ్తరు. ఫికర్ జెయ్యకు." ఈ మాట నాకు నచ్చింది. వెంట్రుక అంటేనే ప్రోటీన్ అని సైన్సు పుస్తకంలో ఉంది, గుడ్డులో ఉన్నదీ ప్రోటీనే. మొదటిసారి ఒక సలహాకూ నా చదువుకూ సంబంధం దొరికింది. రెండు గుడ్లు కొట్టి తలకు పట్టించుకున్నాను. పుస్తకంలో లేని విషయం ఒకటుంది, గుడ్డును చన్నీళ్లతో కడగాలి. అమ్మ కాగులోంచి పొగలు కక్కే నీళ్లు తెచ్చి పోసింది.

ఉడికింది. నా తలమీదే, ముద్దలు ముద్దలుగా.

బాపు మగ్గం దిగి వచ్చి వాసన చూశాడు. "జర ఉల్లిగడ్డ గూడ ఎయ్యకపోయిండ్రా?"

దువ్వెన పళ్లలోంచి కోడిగుడ్డు పొరటు తీస్తూ ఎవరైనా గంభీరంగా ఏడవగలరేమో నాకు తెలియదు. నేను ప్రయత్నించాను, కుదరలేదు.

రెండోసారి చన్నీళ్లు పోశాం. ఆశ్చర్యం, పనిచేసింది. జుట్టు పట్టుకుంటే కొంచెం బలం తగిలింది, చెవుల పక్కన ఒకటి రెండు రింగులు తిరిగి చుట్టుకున్నాయి. అక్కడ ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ మా ఇంట్లో ఏదైనా పనిచేస్తే దాన్ని అది పనిచేయడం మానేదాకా చేస్తారు. రోజు విడిచి రోజు గుడ్డు. బాపు కూరలో లేని గుడ్డు నా తలలో. కొన్నాళ్లకు జుట్టు ఈనెల చీపురులా నిలబడింది. ముట్టుకుంటే పుటుక్కున తెగేది, సాగకుండా, వంగకుండా. ఒకరోజు జడ వేసుకుంటూ గట్టిగా లాగితే జడ చివర నా చేతిలో ఉంది.

"ఎండిపోయింది. తడి గావాలె" అని ఈసారి అమ్మ. పెరుగు, నానబెట్టిన మెంతులు, మందారాకు నూరిన జిగురు, ఆపైన కొబ్బరినూనె. రోజూ. కడిగినా పూర్తిగా ఆరకముందే మళ్లీ ఇంకో పూత. జుట్టు మెత్తబడింది. మొదట్లో మంచి మెత్తదనం. తర్వాత నానిన అటుకుల మెత్తదనం. రింగులన్నీ వాలిపోయి మెడకు అతుక్కున్నాయి. తడిగా ఉన్నప్పుడు దువ్వితే సాగేది, సాగినచోటే ఉండిపోయేది. గల్లీలో పిల్లి నా వెనక తిరగడం మొదలుపెట్టింది. పెరుగు కోసమే, స్నేహం కోసం కాదు.

వేములవాడ దగ్గరపడింది. అమ్మ నా జుట్టును చూడటం మానేసి, నా నెత్తిని చూడటం మొదలుపెట్టింది. గుండు కొట్టాక ఏ ఆకారంలో ఉంటుందోనని.

అలాంటి ఒక తెల్లవారుజామున బాపు గల్లీలో పడుగు పరిచాడు. వెదురు కర్రల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి నూలు. కుంచెతో గంజి పట్టిస్తూ పోతారు, ఎండ ముదిరేలోపు అయిపోవాలి. నా పని గంజి కుండ మోయడం. బాపు ఆ కుండలో కొంచెం నూనె పోసి కలిపాడు. నేను చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు చూశానో, ఎన్నడూ అడగలేదు.

"గంజిల నూనె ఎందుకు బాపూ?"

"వట్టి గంజైతె పోగు కట్టెలెక్క అయితది. పుటుక్కుమంటది."

"మరి నూనె ఎక్కువైతె?"

"గంజి వట్టది. సాగుతది, మగ్గం మీద జారుతది." ఒక పోగును రెండు వేళ్ల మధ్య పట్టి లాగాడు. కొంచెం సాగింది, వదిలితే వెనక్కి వచ్చింది. "గిట్లుండాలె" అని ముందుకు పోయాడు.

నేను కుండ కింద పెట్టి, నా జుట్టులోంచి ఒక వెంట్రుక తీసి అలాగే లాగాను. సాగింది, సాగుతూనే పోయింది, వెనక్కి రాలేదు, మెల్లగా తెగింది. గుడ్ల కాలంలో అయితే లాగకముందే తెగేది. మొత్తం ఎండాకాలం మేం చేసింది ఇదే. ఒకసారి గట్టిపరిచే గుడ్డు, అంటే వట్టి గంజి; ఒకసారి మెత్తబరిచే పెరుగు, అంటే వట్టి నూనె. ఇంటిముందు రోజూ ఆ రెంటినీ కలిపి పోసే మనిషి ఉండగా.

"బాపూ! నా నెత్తికి గంజి ఎక్కువైంది, ఆ తర్వాత నూనె ఎక్కువైంది. అదే తప్పు!"

"పక్కకు జరుగు. నీడ పడుతాంది."

ఆ రోజునుంచి నా జుట్టు బాధ్యత నేనే తీసుకున్నాను. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను లాగి చూడటం. పుటుక్కుమంటే కొన్నాళ్లు గుడ్డు బంద్, మందారాకు, కొబ్బరినూనె. సాగి వెనక్కి రాకపోతే పెరుగు బంద్, ఒక్క గుడ్డు. కొంచెం సాగి వెనక్కి వస్తే ఏమీ చెయ్యకపోవడం. ఈ చివరిదే మహా కష్టం. ఎందుకంటే నేను ఏమీ చెయ్యకపోయినా ఇంట్లో ఇద్దరు చేస్తారు. నిద్రలేచేసరికి దిండు జిడ్డుగా ఉండేది, అమ్మ నేను పడుకున్నప్పుడు నూనె రాసేది. బాపమ్మ కుంచె కొంగు కింద దాచుకుని వెనక నుంచి వచ్చేది. పొడి జుట్టు దువ్వొద్దు, తడిగా ఉన్నప్పుడు వేళ్లతో విప్పాలి అని ఎంత చెప్పినా, "దువ్వని తల తలేనా?" అనేది. జుట్టును కాపాడటం కన్నా జుట్టును మావాళ్ల ప్రేమ నుంచి కాపాడటానికే నాకు ఎక్కువ ఓపిక పట్టింది.

చివర్లు పాడైనవి పాడయ్యే ఉన్నాయి, వాటిని కత్తిరించేశాను. కానీ మిగిలింది బతికింది. రింగులు వచ్చాయి. చీపురు కాదు, అటుకులు కాదు. లాగితే సాగి, వదిలితే చటుక్కున పైకి పోయే రింగులు. నేను అద్దం ముందు నిలబడి ఒక్కొక్కటే లాగి వదులుతుంటే బాపు, "అవి తెగేదాక చూస్తవా?" అన్నాడు.

వేములవాడ పోయే ముందురోజు అమ్మ గోడ మీదుగా చిన్నమ్మతో మాట్లాడుతోంది. నేను బావి పక్కనే ఉన్నాను.

"అంత వేములవాడ రాజన్న దయ చెల్లె. పిల్ల జుట్టు మంచిగైతె తలనీలాలిస్త అని మొక్కుకున్న. మంచిగైంది. రేపు ఇచ్చెయ్యాలె."

చేద బావిలో పడింది. అది నేను వదిలేసినందుకు.

"అమ్మా! బాగువడకపోతె గుండు అన్నవు గద?"

"అది నీకు జెప్పిన. ఇది దేవునికి జెప్పిన."

"అంటె బాగువడకపోయినా గుండే, బాగువడ్డా గుండేనా?"

"మొక్కు మొక్కే బిడ్డా."

"మరి బాగువడి నాకేం లాభం?"

అమ్మ గోడ దగ్గర్నుంచి నావైపు తిరిగింది. "మంచి జుట్టు ఇచ్చినట్టయితది దేవునికి. గా పీచు ఇస్తె ఏం బాగుంటది?"

నేను అరిచాను, అన్నం మానేశాను, వేములవాడ రానన్నాను. బాపు మగ్గం ఆపలేదు. చివరికి కాపాడింది బాపమ్మ. "పెండ్లికాని ఆడివిల్లకు మూడు కత్తెర్లు చాలు. రాజన్న ఏం అనడు, నేను జెప్త" అంది. కొంచెం జుట్టు మూడుచోట్ల కత్తిరిస్తే మొక్కు తీరినట్టే. దేవుడితో ఆమెకున్న చనువు ముందు అమ్మ మొక్కు గుండు నుంచి మూడు కత్తెర్లకు దిగింది.

గుడి దగ్గర మంగలాయన మంచివాడే. "ఎంత గోయాలె?" అని అడిగాడు. అమ్మ నాలుగు వేళ్లు చూపించింది. ఆయన నుదుటి దగ్గర ఒక రింగును పట్టుకుని, ముక్కు కిందికి వచ్చేదాకా తిన్నగా లాగి, నాలుగు వేళ్లు కొలిచి, కత్తెర వేసి, వదిలాడు. మిగిలిన జుట్టు ఎగిరి నెత్తి మీదికి పోయి కూర్చుంది.

ఆయన చేతిలోని ముక్కను చూశాడు, నా తలను చూశాడు. "గిదేంది? నేను కొలిచే కోసిన గద!"

ఇంకా రెండు కత్తెర్లు మిగిలే ఉన్నాయి. లాగకుండా కొయ్యమని చెప్పేలోపు అవీ అయిపోయాయి, ముందు వరుసలోనే. పక్కనే అక్క కొడుకు కొత్త గుండు మీద గంధంతో బేర్ బేర్ మని ఏడుస్తూ, నన్ను చూడగానే ఆపేసి నవ్వాడు.

కాలేజీ మొదటిరోజు పొద్దున అద్దంలో చూసుకుంటే వెనకంతా బుజాలదాకా దివ్యమైన రింగులు. ముందు నుదుటి పైన మూడు కుచ్చులు, మూడు దిక్కులకు నిక్కి నిలబడి ఉన్నాయి. తడిపాను, వంచాను, పిన్ను పెట్టాను. పిన్ను ఎగిరిపోయి నీళ్ల బిందెలో పడింది.

వెనక అడుగుల చప్పుడు. బాపమ్మ గిన్నెతో నిలబడి ఉంది, ఇంకా పొగలు వస్తున్నాయి.

"జర గంజి వెట్టనా? పండుకుంటయి."

నేను చెప్పులు చేతిలో పట్టుకునే గల్లీ చివరిదాకా ఉరికాను.